చివరి రెండు ఆకులు

“కనకవల్లి పెట్టె పట్టుకొని మొగని ఇల్లు దాటింది. మల్ల ఏమైంది శ్యామలా?” బీడీ చుట్టే చెయ్యి ఆపి అడిగింది హుసేన్ బీ.

వాకిట్లో బీడీలు చుట్టే ఆడవాళ్లకు కథ చదివి వినిపిస్తున్న శ్యామల పేజీ తిప్పింది. నవల చివరి రెండు ఆకులూ లేవు. గడపలో ఆమె మొగుడు ఆత్మారాం మీసాల్లోనే నవ్వుకున్నాడు. ఇల్లు దాటిన ఆడదాని కథ తన ఇంట్లో ఎందుకని, పొద్దున్నే చింపి జేబులో కుక్కుకున్నది ఆయనే మరి.

శ్యామల తడుముకోలేదు. “బోధన్ పట్నంల బడి పెట్టింది. మొగడొచ్చి బతిమాలితే, ‘ఉంటే ఈడనే ఉండు, గంట కొట్టు’ అన్నది,” అని ఆకులున్నట్టే చదివేసింది.

వాకిలంతా గొల్లుమంది.

ఆత్మారాంకు ఒళ్లు మండింది. జేబులోని ఆకులు లాగి, అప్పుడు మొదటిసారి చదివాడు. ముఖం వెలిగిపోయింది.

“అంత అబద్ధం! ఏడ్సుకుంట వాపసొచ్చి మొగని కాళ్ల మీద పడ్డది. ఇగో, సూడుండ్రి!”

“చింపింది నువ్వేనా అన్నా?” అంది హుసేన్ బీ.

ఆత్మారాం నాలుక కరుచుకున్నాడు. తల్లి శంకరమ్మ లేచి, కొడుకు చేతిలోని ఆకులు తీసుకొని చాయ్ పొయ్యిలో పెట్టింది.

“అవ్వా! గదేంది?”

“వాపసొచ్చినదాని కథ నాకు ఎరుకే కొడుకా,” అంది శంకరమ్మ మంట ఊదుతూ. “శ్యామలా, బడిల పిల్లలెందరు జమైండ్రో సదువు బిడ్డా.”