మూటల ప్లీడరు

కోర్టు వరండాలో, ఎండ పడేచోట, ఒక ముసలామె మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్ద ప్లీడరు ఆమెను చూసి ఆగాడు. వంగి ఆ మూట అందుకున్నాడు.

"అయ్యో, వద్దు బాబూ! మీ కోటు మాసిపోతుంది."

"నల్లకోటమ్మా ఇది. ఎంత మాసినా పైకి కనపడదు. రండి, లోపల ఫ్యాను కింద కూర్చుందురుగాని."

వెనకే వస్తున్న జూనియరు పక్కకి తప్పుకుని వాళ్ళకి దారిచ్చింది.

ముసలామె బట్టలు కుట్టుకుని బతుకుతుంది. ఒక్కగానొక్క కొడుకు ఫ్యాక్టరీలో మెషీనులో పడి చనిపోయాడు. తాగి పనిలోకి వచ్చాడనీ, తప్పంతా అతనిదేననీ కంపెనీ తేల్చేసింది. ఆమె కోర్టుకెక్కింది. పరిహారం మాట ఎవరెత్తినా చెయ్యి అడ్డంగా ఊపేది. "నా కొడుకు చుక్క ముట్టనివాడు. తప్పు వాడిది కాదని జడ్జిగారు ఒక్క మాట అంటే చాలు. ఆ మాట చెవిన పడితే నేను పోయినా ఫరవాలేదు" అనేది.

పెద్ద ప్లీడరుని తోటి లాయర్లు మూటల ప్లీడరనేవారు. కోర్టుకి ఎవరొచ్చినా వాళ్ళ సంచీ మోసేవాడు. ఆఫీసులో మంచినీళ్ళు తనే పోసేవాడు. కేసు గెలిస్తే జూనియర్ల పేరు చెప్పేవాడు, ఓడితే తన పేరు చెప్పేవాడు. శనివారాలు లాయర్ల సంఘం హాల్లో పాఠం కూడా పెట్టాడు.

"ముందు నడిచేవాడు కాదు నాయకుడు. వెనకబడ్డవాడి బరువు అందుకునేవాడు. మన వృత్తిలో పెద్దరికమంటే సేవ చెయ్యడమే."

మొదట్లో హాలు నిండింది. పోనుపోను పల్చబడింది. "లాయరంటే నల్లకోటేసుకున్న కూలీ అని కనిపెట్టాడయ్యా మహానుభావుడు!" అని క్యాంటీన్లో నవ్వుకున్నారు. చివరికి జూనియరు ఒక్కతే మిగిలింది. ఆమె ఇంతకుముందు పనిచేసినచోట సీనియరు ఫైళ్ళు మొహాన విసిరికొట్టేవాడు. ఈయన ఆమెకి జ్వరమొస్తే ఇంటికొచ్చి పలకరించి, ఆమె పని తన నెత్తిన వేసుకున్నాడు. "నేర్చుకుంటే ఇలాంటి మనిషి దగ్గరే నేర్చుకోవాలి" అని ఆమె భర్తతో అంది.

ముసలామె కేసు నత్తనడక నడిచింది. అవతలి లాయరుకి ఎప్పుడూ తొందరే. వస్తూనే వాయిదా అడిగి, ముసలామె వంక చూడనైనా చూడకుండా వెళ్ళిపోయేవాడు. అలా వాయిదా పడ్డప్పుడల్లా పెద్ద ప్లీడరే ఆమెని బస్సుదాకా దిగబెట్టేవాడు. మోకాళ్ళనొప్పి ఎలా ఉందని అడిగేవాడు. కుట్టుమిషను బాగా నడుస్తోందా అని అడిగేవాడు. కేసు మాట మాత్రం ఎత్తేవాడు కాదు.

ఒకరోజు ఆఫీసులో జూనియరు ఉండబట్టలేకపోయింది.

"సార్, మనిషి మెషీనులో పడకుండా అడ్డుండే గార్డు ఉంటుంది కదా. అది తీసేసి పని చేయించారని ఫ్యాక్టరీ ఫోర్‌మన్ మన దగ్గర చెప్పాడు."

"చెప్పాడు."

"ఆ ఒక్క మాట కోర్టులో చెబితే..."

"చెప్పడమ్మా. ఉద్యోగం పోతుందని భయం. కోర్టులో చెప్పని మాట లేనట్టే."

"మరి మన సంగతేమిటి సార్?"

ఆయన లేచి గ్లాసులో నీళ్ళు పోసి ఆమె ముందు పెట్టాడు. "తాగమ్మా" అన్నాడు.

వాదనల రోజున పెద్ద ప్లీడరు మాట్లాడుతుంటే హాలంతా చెవులప్పగించింది. పోయిన కుర్రాడి గురించి కన్నతల్లికన్నా ఎక్కువ తెలిసినవాడిలా చెప్పాడు. ఆరోజు పనిలోకి ఎలా వచ్చాడు, ఎవరితో ఏమన్నాడు, ఎక్కడ నిలబడ్డాడు... గొంతు ఒక్కసారి కూడా పెంచలేదు. ముసలామె అరచేత్తో నోరు మూసుకుని విన్నది. అవతలి లాయరు లేచి నాలుగు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. జూనియరు అప్పుడే తీర్పు తెలిసిపోయినదానిలా తలవంచుకుంది. సాక్షి లేని నిజానికి కాళ్ళుండవు.

ప్రమాదానికి కారణం కార్మికుడి నిర్లక్ష్యమేనని తీర్పు వచ్చింది. కేసు కొట్టేశారు.

ముసలామెకి అర్థం కాలేదు. బంట్రోతుని అడిగింది.

"నీ కొడుకుదే తప్పన్నారమ్మా" అన్నాడతను మెల్లగా.

ఆమె బెంచీమీద అలాగే ఒరిగిపోయింది. అవతలి లాయరు అప్పటికే ఇంకో కోర్టుకి పరిగెత్తాడు. పెద్ద ప్లీడరే వచ్చి ఆమె కాళ్ళ దగ్గర నేలమీద కూర్చున్నాడు. నీళ్ళు తాగించాడు. జారిపోయిన చెప్పులు తన చేత్తో తొడిగాడు.

"మావాడు తాగడు బాబూ. మీకూ తెలుసు కదా?"

ఆయన తల వంచుకుని ఆమె చెప్పు పట్టీ సరిచేశాడు.

"పోనీలెండి. ఇన్నాళ్ళూ ఇక్కడ నన్ను మనిషిలా చూసింది మీరొక్కరే" అంటూ ఆయన చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

జూనియరు అది చూడలేక గోడవైపు తిరిగింది.

ఆమెని బస్సెక్కించి ఇద్దరూ వెనక్కి నడిచారు.

"ఇది కూడా సేవేనా సార్?" అంది జూనియరు.

"ఏమో తల్లీ. గుండెలో బరువు దించలేనివాడు కనీసం చేతిలో మూటైనా మొయ్యాలి కదా. నాకు చేతనైంది అంతే."

కోర్టు మెట్లమీద కాచుకుని ఉన్న ఫ్యాక్టరీ మేనేజరు గబగబా దిగివచ్చి, పెద్ద ప్లీడరు చెయ్యి పట్టుకుని ఊపేస్తూ, "మా తరఫున మీరు కాక ఇంకెవరు వాదించినా ఈ కేసు ఓడిపోయేవాళ్ళం సార్!" అన్నాడు.