మూడు ఆదివారాలు

చర్చికి బయలుదేరిన సండేస్కూల్ టీచరమ్మకు గేటు దగ్గర ఓ పెద్దాయన ఎదురయ్యాడు.

ఇస్త్రీ చొక్కా, నెరిసిన గడ్డం. ఎప్పుడూ చూసిన ముఖం కాదు.

"అమ్మా, మీ అబ్బాయి ఉండే ఇంట్లోనే నేనూ ఉంటాను. వాడికి నాలుగు రోజులుగా జ్వరం. కలవరింతల్లో మిమ్మల్నే పిలుస్తున్నాడు. ఒక్కసారి ఫోన్ చేయండి."

టీచరమ్మ ముఖం మాడిపోయింది.

ఏడాది కిందట కొడుకు వంటింట్లో నిలబడి, తన మనసు ఆడపిల్లల మీదికి పోదనీ, మగవాళ్ళ మీదికే పోతుందనీ చెప్పాడు. మారాకే ఈ గుమ్మం తొక్కమంది ఆవిడ. అప్పట్నుంచీ ఇంట్లో వాడి పేరెత్తలేదు.

ఇప్పుడు ఇతగాడు!

"వాడి తండ్రి బతికుంటే నీ అంత ఉండేవాడు. పిల్లవాణ్ణి చెడగొట్టింది చాలక రాయబారం కూడానా? సిగ్గులేదూ?"

ఆయన కాదనలేదు. తల వంచుకుని వెళ్ళిపోయాడు.

పై ఆదివారం మళ్ళీ వచ్చాడు.

"జ్వరం తగ్గిందమ్మా. చెప్పి పోదామని..."

విననట్టే నడిచిపోయింది. కానీ ఆ రోజు పిల్లలకు పాఠం చెబుతూ రెండుసార్లు తడబడింది.

మూడో ఆదివారం ఆవిడే ఆగింది.

"తింటున్నాడా?"

"తింటున్నాడు. ప్రార్థన చేయనిదే పడుకోడు. అందులో మొదటి పేరు మీదే."

"అలాంటివాడి ప్రార్థన దేవుడు వింటాడా? బైబిల్ వాక్యంలో ఏముందో నీకేం తెలుసు?"

"వాక్యం నాకూ కంఠతా వచ్చమ్మా. దేవుడు ఎవరి మాట వినాలో తేల్చే పని కూడా మనమే నెత్తికెత్తుకున్నాం. అది మన పని కాదేమో."

ఆవిడకు ఒళ్ళు మండింది.

"ఇంకోసారి ఇక్కడ కనిపిస్తే నలుగుర్నీ పిలుస్తాను."

నాలుగో ఆదివారం ఆయన రాలేదు.

చర్చిగంట మోగినా ఆవిడ గేటు దగ్గర్నుంచి కదల్లేదు. వీధి మలుపు దాకా చూసి, లోపలికొచ్చి, ఏడాదిగా నొక్కని నంబరు నొక్కింది.

"అమ్మా?" అన్నాడు కొడుకు. "సమాధుల తోటలో ఉన్నానమ్మా. మా ఇంటి పెద్దాయన పోయారు. నిద్రలోనే."

ఆవిడ వెళ్ళేసరికి గొయ్యి పూడ్చేశారు. పదిమంది కుర్రాళ్ళు కన్నతండ్రి పోయినట్టు ఏడుస్తున్నారు.

కొడుకు చిక్కి సగమయ్యాడు. చెయ్యి పట్టుకుంది. వాడు విడిపించుకోలేదు.

"ఆయన నీకు... ఏమవుతాడురా?"

"ఏమీ కారమ్మా. ఇల్లు ఆయనది. ఇంట్లోంచి వెళ్ళగొట్టిన మాలాంటివాళ్ళకి గదులిచ్చేవారు. మాకు తెలీకుండా మా అమ్మానాన్నల గుమ్మాలన్నీ తిరిగారని ఇవాళే తెలిసింది."

"మరి నిన్ను చెడగొట్టాడని నేనన్ని మాటలన్నా కాదనలేదేం?"

కొడుకు కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆయన ఒకప్పుడు పాస్టరమ్మా, కన్నకొడుకు నాలాంటివాడేనని తెలిసి తనే ఇంట్లోంచి గెంటేశారు, ఆ పక్క సమాధి ఆ అబ్బాయిదే."