మొన్నటి కొలత

"చేతులు పైకెత్తమ్మా," అంటూ దర్జీ ఎట్టకేలకు కుట్టిన గౌనును కూతురి తలమీదుగా దింపాడు. అది భుజాల దగ్గరే బిగుసుకుపోయింది.

"ఏ కొలతకు కుట్టారు?" అంది భార్య.

"నా బిడ్డ కొలత నాకు తెలీదా? మొన్నేగా గుడ్డ కత్తిరించి పెట్టాను."

"మొన్నే నాన్నా," అంది గౌనులోంచి కూతురు. "అప్పుడు నాకింకా పాలపళ్ళు. రేపు బడిలో ఇది వేసుకునే పాడతానని అందరికీ చెప్పేశాను."

"కొట్టుకు వచ్చినవాళ్ళ పని అయ్యాక కుడదామనుకున్నా. రోజులు ఎలా పోయాయో."

"వాళ్ళకు మాత్రం ఏటేటా టేపు పెట్టారుగా. పెరిగేది వాళ్ళే కదా పాపం," అంది భార్య.

దర్జీ గౌను పైకి లాగేశాడు. మెడలోని టేపు తీసి, అలవాటుగా కూతురి ముందు గొంతుక్కూర్చున్నాడు. కళ్ళెదుట భుజం ఉండాల్సిన చోట మోచెయ్యి కనిపించింది.

మెల్లగా లేచి నిలబడ్డాడు.