అంజూరపు కొమ్మ

"డ్రమ్ముతో సహా అట్టుకెల్లిపోమ్మా," అన్నాడు అప్పలసూరి. భార్య జగ్గమ్మ పోయాక అతను హౌరా దగ్గరి లిలువా రైల్వే క్వార్టర్ డాబా ఎక్కడం ఇదే మొదలు. డ్రమ్ములో ఆమె పెంచిన అంజూరపు చెట్టు ఆకులు వాడిపోయి ఉన్నాయి.

టికియాపారా నుంచి కొమ్మ కోసం వచ్చిన పుష్పరాణి తలడ్డంగా ఊపింది. "ఇది నానిచ్చిన కొమ్మే, బాబాయ్. నా చెట్టు మొన్న వానకి కుల్లిపోనాది. ఒకలది సచ్చిపోతే ఇంకొకల కాడ తెచ్చుకోవాలని పిన్నీ, నానూ అనుకున్నాం."

"నాకేటి పని దీంతో? మొత్తం తీసుకుపో."

ఆమె ఒక్క కొమ్మే కోసి, తడిగుడ్డ చుట్టి సంచిలో పెట్టుకుంది.

"చెట్టు మీ కాడే ఉండాల. ఇదీ సచ్చిపోతే నానెవులింటికెల్తాను?"

ఆమె మెట్లు దిగుతుండగా పైనుంచి అతని గొంతు వినిపించింది.

"నీల్లు పొద్దున పొయ్యాలా, సాయంత్రమా?"