వణికిన చెయ్యి

కట్టడం పని నుంచి వచ్చిన జయరామ చేతిలో కాఫీ గ్లాసు వణికింది. తాగి వచ్చాడేమోనని సరసమ్మ మొగుడి నోరు వాసన చూసింది. ఏ వాసనా లేదు. అయినా అనుమానం పోలేదు.

మరునాడు చెప్పకుండా, ధర్మపురిలో అతను పనిచేసే చోటికి పోయింది. ఇటుకల చాటున జయరామ పిల్లికూతలతో ఆయాసపడుతూ, నీలం గొట్టం నోట పెట్టుకుని, నొక్కి పీల్చాడు. కాసేపటికి ఊపిరి తేలికయింది.

"ఏందయ్యా అది?"

అతను ఉలిక్కిపడ్డాడు. "ఆస్తమా మందు. పీలిస్తే ఊపిరి ఆడుతుంది, చేతులే వణుకుతాయి. నాకు సిమెంటు దుమ్ము పడదని తెలిస్తే మేస్త్రి పనికి రావద్దంటాడు. ఎవరికీ చెప్పొద్దు."

సరసమ్మ అతని భుజం మీది సిమెంటు దుమ్ము కొంగుతో దులిపింది.

"తాగుడయితే ఎట్లయినా మాన్పించేదాన్ని. ఈ పని ఎట్ల మాన్పించేదయ్యా?"