స్ప్లిట్ రేవులో ఆగిన టికెట్లు

“ఇది రాసేటప్పుడు కళ్ళు మూసుకున్నావా నెవెంకా?”

తిహోమిర్ గొంతు గదంతా వినపడింది. ఓడ టికెట్లు అమ్మే ఆ ప్రోగ్రాము, డేటాబేసు కడుపులోనే కూర్చుని పనిచేసే రకం, నెవెంక రాసింది. అప్పుడప్పుడూ ఒకే సీటు ఇద్దరికి అమ్ముడవుతోంది. ఆమెను ఉద్యోగంలో ఉంచాలా వద్దా అన్నది ఇవాళే తేలాలి. అది తేలేది తిహోమిర్ మాట మీదే.

“నకలు డేటాబేసులో బాగానే నడిచిందండీ.”

“నకలులో మా అమ్మమ్మ రాసినా నడుస్తుంది. అసల్దాంట్లో చూడాలి.”

అసల్దాన్ని ముట్టుకునే అధికారం ఆ గదిలో అతనొక్కడికే ఉంది. ఆ సంగతి ఎవరినీ మరచిపోనివ్వడు. ప్రోగ్రామును ఒక్కో వరుస దగ్గరా ఆపుతూ నడిపించి చూస్తూ, వరుసకో వెక్కిరింత విసురుతున్నాడు. సగానికి వచ్చేసరికి మేనేజరు షీమె తలుపు దగ్గర నిలబడి కాఫీకి పిలిచాడు. స్ప్లిట్ ఊళ్ళో కాఫీ పిలుపొస్తే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేయడమే. తిహోమిర్ కంప్యూటరు తెరకు తాళం వేసి లేచాడు.

“వెళ్ళేముందు ఒక్క మాటండీ...”

“వచ్చాక చెబుదువుగాని. ఈలోగా కొంపలేం మునగవులే.”

రేవు ఎదుటి కాఫీ కొట్లో చిన్న కప్పు ముందు పెట్టుకుని ఎంతసేపైనా కూర్చోవచ్చు. తిహోమిర్ కూర్చున్నంతసేపూ నెవెంకను ఉతికి ఆరేశాడు. మధ్యలో ఆమె ఫోను చేస్తే కట్ చేశాడు.

“చూశావా షీమే? చెయ్యి పట్టుకుని నడిపించందే అడుగు పడదు ఆవిడగారికి.”

తర్వాత షీమె ఫోను మోగింది. అతని మొహం పాలిపోయింది.

“టికెట్లు ఆగిపోయాయట! విస్ దీవికెళ్ళే ఓడ కోసం కార్లు రోడ్డు మీదికొచ్చేశాయట. జనం కొట్టేలా ఉన్నారట.”

“నేను చెప్పలా? ఆవిడగారి ప్రోగ్రామే! టికెట్లన్నీ గుప్పిట్లో పెట్టుకుని మధ్యలో ఆగిపోయుంటుంది. ఒకడు మరుగుదొడ్డిలో గడియపెట్టుకుని నిద్రపోతే బయటివాళ్ళ గతేంటి?”

షీమె ఇక ఆలోచించలేదు. అక్కణ్ణుంచే నెవెంకకు ఫోను చేసి, రేపట్నుంచి రావద్దన్నాడు. ఆమె ఏదో చెప్పబోతే పెట్టేశాడు.

వాళ్ళు తిరిగొచ్చి మెట్లెక్కుతుంటే ఆమె సంచీతో ఎదురొచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

“త్వరగా మీ సీటు దగ్గరికెళ్ళండి” అంది, అంతే.

“పోతూ పోతూ సలహా కూడానా!” అని నవ్వాడు తిహోమిర్.

సీట్లో కూర్చుని తెర తాళం తీశాడు. ఒక్క క్షణం చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. ఒక మీట నొక్కాడు. షీమె ఫోను వెంటనే మోగింది. రేవులో టికెట్లు వస్తున్నాయి.

“ఒక్క మీటతోనా! నువ్వు లేకపోతే ఈ ఆఫీసు ఏమైపోయేదో” అంటూ షీమె అతని భుజం తట్టాడు. “ఇంతకీ ఏం చేశావోయ్?”

“చెప్పినా నీ బుర్రకెక్కదులే” అన్నాడు తిహోమిర్, తెరకు అడ్డంగా జరుగుతూ.

ఆ ప్రోగ్రామును మధ్యలో ఆపి కాఫీకి వెళ్ళింది అతనే.