పదో గొంతు

ఆ రాత్రి న్యాల్‌కల్ బడిలో లాంతరు ముందు కూర్చుని, పంతులు సంగ్రామప్ప ఓటర్ల జాబితా సరిచూస్తున్నాడు. 1957 ఎన్నికలు దగ్గరపడ్డాయి. పగలు మగవాళ్ల ముందు తొమ్మిదిమంది ఆడవాళ్లు తమ పేర్లు చెప్పలేదు. జాబితాలో ‘మల్లప్ప భార్య’, ‘ఈరయ్య భార్య’ అని మాత్రమే ఉంది. సొంత పేరు లేకుంటే కొట్టెయ్యాలన్నది రూలు. ఎర్ర పెన్సిల్ అందుకున్నాడు.

తలుపవతల గాజులు గలగలమన్నాయి.

"కొట్టెయ్యకు సారూ. తలుపు గూడ తియ్యకు. నేను మల్లప్ప పెండ్లాన్ని. నా పేరు తుల్జమ్మ."

మిగతావాళ్లూ ఒక్కొక్కరే చెప్పారు. తొమ్మిది పేర్లూ రాశాడు. అడుగుల చప్పుడు దూరమైంది.

"నా పేరు శరణమ్మ, సారూ."

ఈసారి గాజుల చప్పుడు లేదు.

"ఎవరింట్లమ్మా? జాబితాల ఇంకెవ్వరు లేరు గద."

"నాకు ఓటొద్దు. బతికినన్ని దినాలు నన్నెవ్వరు పేరువెట్టి పిలువలే. ఒక్కపారి పిలువు."

తలుపు తీశాడు. వెన్నెల్లో వాకిలి ఖాళీగా ఉంది. గట్టిగా పిలిచాడు.

"శరణమ్మా!"

"ఆఁ" అని పలికింది, అతని వెనకనుంచి, లాంతరు పక్కన. ఆ గొంతులో నవ్వుంది.